అరపుట కథ, అడుగున నీతి

మా పాఠశాల సాంవత్సరిక సంచికకు విద్యార్థులు వ్రాసి యిచ్చు రచనలను ఏరి, దిద్ది, అచ్చునకు సిద్ధపఱచు పని కొన్ని యేండ్లుగా మాపై నున్నది. ఈ పనిలో మాకొక యలవాటు కుదిరినది. కథ యెంత చిన్నదైనను సరే, దాని యడుగున "ఈ కథవలన మనము నేర్చుకొనవలసిన నీతి యేమనగా" అను వాక్యము లేకపోయిన, వ్రాసినవారు మఱచిరి కాబోలునని తలచి మేమే దానిని చేర్చుచుంటిమి. కూరకు ఉప్పు వంటిది కథకు నీతి యని మా నమ్మకము. ఆ నమ్మకము సరికాదని యిప్పుడు మాకు తోచుచున్నది. మిక్కిలి చిన్న కథయందు అడుగున చేర్చిన నీతివాక్యము కథకు ఉపకారము చేయకపోగా, దానిని చదువరి చేతినుండి లాగికొనుచున్నదని మా యభిప్రాయము. ఈ యభిప్రాయమునకు మమ్ము తెచ్చినవి పుస్తకములు కావు, ఒక బాలిక.

గత సంవత్సరపు సంచికకు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నోటుపుస్తకపు కాగితముపై ఒక ప్రక్కనే వ్రాసిన కథ నిచ్చెను. దాని సంగతి యిది. తరగతిలో హాజరు పిలుచుచుందురు. పదునేడవ అంకె పిలిచినపుడు పలుకు రాదు. ఉపాధ్యాయుడు తల యెత్తక క్షణకాలము ఆగును. వెనుక బల్లనుండి ఎవరో "రాలేదండి" అందురు. ఆయన ఏదో గీత గీసి ముందునకు పోవును. ప్రతిదినము ఇట్లే జరుగును. సంక్రాంతి సెలవులు వచ్చి పోవును. ఒక యుదయమున కిటికీ ప్రక్కగా మిరపకాయ కోతకు కూలీలను తీసికొనిపోవు ట్రాక్టరు పోగా తరగతి యంతయు అటు చూచును. ఆ దినమున ఉపాధ్యాయుడు పదునాఱు పిలిచి, ఆగక, పదునెనిమిది పిలుచును. ఆ అంకె గల బాలుడు నడుమ నుండు నిలుపునకు అలవాటుపడినవాడగుటచే పలుకుట మఱచును. ఉపాధ్యాయుడు తల యెత్తి చూచును. కథ యంతే.

మేము రెండు అక్షరదోషములు సవరించి, "కావున తలిదండ్రులు బాలికల చదువును నడుమ మాన్పింపరాదు" అని అడుగున చేర్చి అచ్చువేయించితిమి. సంచిక వెలువడిన దినమున పలువురు ఆ బాలికను మెచ్చుకొనిరి. వారము గడచిన పిదప ఆమె మా గదికి వచ్చి నిలిచి, మేము రెండుమాఱులు అడిగిన మీదట ఇట్లనెను: "మాష్టారూ, అందరూ ఆఖరి మాట బాగుందన్నారండి. పదిహేడో నంబరు ఎవరని మాత్రం ఒక్కళ్లూ అడగలేదండి."

మేము జవాబు చెప్పలేకపోతిమి. మేమును అడుగలేదు గనుక.

ఇట్లు ఒక పుటలోనో, అరపుటలోనో ముగియు కథను ఇంగ్లీషువారు ఫ్లాష్ ఫిక్షన్ అనుచున్నారు. అనగా మెఱుపు వంటి కథ. 1992లో అమెరికాలో జేమ్స్ థామస్ మొదలగు ముగ్గురు సంపాదకులు ఆ పేరుతోనే ఒక సంకలనమును ప్రకటింపగా ఆ మాట దేశదేశముల వ్యాపించినది. వారు పెట్టుకొన్న హద్దు 750 మాటలు. పత్రికను తెఱచి పట్టినపుడు కన్నుల యెదుట నుండు రెండు పుటలలోనే కథ మొదలై ముగియవలెనని, పుట త్రిప్పు శ్రమ చదువరికి ఉండరాదని వారి తలంపు. పేరు క్రొత్తదైనను వస్తువు పాతదే. హిందీవారు లఘుకథ యందురు. మనవారు గల్పిక యనిరి, మినీకథ యనిరి. తపాలా కార్డుపై పట్టునంతలో వ్రాసినదానిని కార్డు కథ యనిరి. 1968లో నోబెల్ బహుమానము పొందిన జపాను రచయిత కవబాత యసునారి ఇట్టివి 140కి పైగా వ్రాసెను. వానిని అఱచేతి కథలందురు. భాగల్పూరులో వైద్యవృత్తి నడపిన బలాయిచంద్ ముఖోపాధ్యాయుడు బనఫూల్ అను మాఱుపేరుతో వంగభాషయందు అరపుట కథలు అనేకము వ్రాసెను. గ్వాటెమాలా రచయిత అగుస్తో మొంతెర్రోసో 1959లో ప్రకటించిన కథ యొకటి స్పానిష్ భాషలో ఏడే మాటలు. ఆఱు మాటల కథ యొకటి హెమింగ్వే వ్రాసెనని లోకమున వాడుక కలదు గాని, ఆయన వ్రాసినట్లు ఆధారము దొరకలేదు. పొట్టితనమున పందెము వేయువారి సంగతి మాకంతగా పట్టదు. మాటలు లెక్కించుట గుమాస్తా పని.

పొట్టిగా నున్నంత మాత్రమున చిన్న కథ కాదు. ఈ యేడు మాకు వచ్చిన వానిలో ఒకటి ఇరువది పంక్తులలో ఒక రాజును పుట్టించి, పెండ్లిచేసి, దాయాదులచే అడవికి వెడలగొట్టించి, రాజ్యము మరల నిప్పించి, మనుమల నెత్తించినది. వ్రాసిన బాలుని ఉత్సాహమును మేము మెచ్చుకొందుము. కాని అది చిన్న కథ కాదు, పెద్ద కథకు విషయసూచిక. చిన్న కథకు కావలసినది ఒక జీవితము కాదు, ఆ జీవితమంతయు కనబడు ఒక గడియ. హాజరు పిలుచుటకు పట్టునది మూడు నిముషములు. ఆ మూడు నిముషములలో ఒక బాలిక బడి మానుట, బడి ఆమెను మఱచుట రెండును జరిగిపోయినవి. ట్రాక్టరుపై నెవరుండిరో ఆ కథ వ్రాసిన బాలిక చెప్పలేదు. చెప్పియుండిన, మనము కిటికీలోనుండి చూచియుండెడివారము కాము.

రష్యా దేశపు ఆంటన్ చెహోవ్ మాస్కోలో వైద్యము చదువుకొను కాలమున, ఇంటి ఖర్చులకై పీటర్సుబర్గు హాస్య వారపత్రికకు కథలు వ్రాయుచుండెను. ఆ పత్రిక సంపాదకుడు కథకు సుమారు నూఱు పంక్తుల హద్దు పెట్టెను. 1883లో వ్రాసిన కథ యొకటి మా విద్యార్థులు చదువదగినది. నాటకశాలలో ఒక చిన్న యుద్యోగి తుమ్మగా, తుంపరలు ముందు కుర్చీలోని పెద్ద యధికారిమీద పడును. ఆయన పరవాలేదనును. ఉద్యోగి మరల క్షమాపణ చెప్పును. మఱునాడు కచేరికి పోయి చెప్పును. ఆ పైని మరల పోయి చెప్పును. తుదకు అధికారి విసిగి బయటికి పొమ్మని యఱచును. ఉద్యోగి యింటికి వచ్చి, తొడిగిన దుస్తులతోనే పండుకొని, చనిపోవును. చెహోవ్ అచ్చట ఆపివేసెను. అధికారులకు ఇంత భయపడుట తగదని యొక్క మాట చేర్చి చూడుడు: నవ్వును పోవును, నవ్వు వెనుక మనకు తగిలిన చలియు పోవును.

మన గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు' కొన్ని పుటలు గలది, అరపుట కథ కాదు. అయినను ఆయన మొదలుపెట్టిన చోటును, ఆపిన చోటును చూడుడు. రాత్రి వేళ ఆటకత్తె పాట విని ఆలస్యముగా వచ్చిన మగడు తలుపు దగ్గఱ నిలుచుటతో కథ మొదలగును. వాని వంశావళి లేదు. భార్య యిల్లు విడిచిపోయినదని భయపడి, పశ్చాత్తాపపడి, మాట యిచ్చుకొన్న పిదప, మంచము క్రిందనుండి ఆమె నవ్వును గాజుల చప్పుడును వినబడుటతో ముగియును. సంస్కరణము కొఱకు అంతగా పాటుపడినవాడు ఆ చివర ఉపన్యాసము చేయుటకు అర్హుడే. చేయలేదు. బాలిక కథకు మేము చేసినదియు దిద్దుబాటే యని మేమే యెగతాళి చేసికొంటిమి.

పరదేశపు కథలేల, ప్రార్థనా సమావేశములందు మన పిల్లలు విను కథ యొకటి చాలును. దావీదు రాజు ఊరియా భార్యను తీసికొని, ఊరియాను యుద్ధమున చంపించెను. రాజునకు ఆ మాట చెప్పగలవా డెవడు? నాతాను ప్రవక్త వచ్చి, జరిగినదాని యూసెత్తక, ఒక చిన్న కథ చెప్పెను. ఒక పట్టణమున ధనవంతుడును బీదవాడును ఉండిరి. ధనవంతునికి మందలకు మందలు. బీదవానికి కొని పెంచుకొన్న గొఱ్ఱెపిల్ల యొకటే. అది వాని గిన్నెలోనిదే త్రాగుచు, వాని రొమ్ముపై నిద్రించెడిది. ధనవంతుని యింటికి అతిథి వచ్చెను. వాడు తన మందను ముట్టక, బీదవాని పిల్లను పట్టితెచ్చి వండించెను. రెండవ సమూయేలు గ్రంథము 12వ అధ్యాయమున మొదటి నాలుగు వచనములలోనే ఈ కథ పూర్తియైనది. అందులోని గిన్నెయు, రొమ్మును మఱపునకు రావు. మందల సంఖ్య యెంతయో ఎవరికిని పనిలేదు.

ఇచ్చట నాతాను "కావున బలవంతులు బీదల సొత్తు హరింపరాదు" అని చేర్చియుండిన నేమగును? రాజు తల యూచి, మంచి మాట చెప్పితివని బహుమానమిచ్చి పంపియుండును. నీతివాక్యములకు తల యూపుటలో రాజులు ఆఱితేఱినవారు. నాతాను ఊరకుండెను. ఆ యూరకుండుటలో దావీదు మండిపడి, అట్టివాడు చావదగినవాడని, నాలుగంతలు మఱల నిచ్చుకొనవలెనని తన నోటనే తీర్పు చెప్పెను. ఆ మనుష్యుడెవడో ప్రవక్త అటుపిమ్మట చూపెను. చివరకు ఆయనయు ఒక మాట చెప్పెను గదా యని మీరు అడుగవచ్చును. చెప్పెను, తీర్పు వెలువడిన పిదప చెప్పెను. ముందే చెప్పియుండిన వినువాడు తప్పించుకొనును.

మా బాలిక కథయందు మేము చేసినది సరిగా ఇదియే యని ఇది తలచుకొన్నపుడు మాకు తెలిసినది. ఆ కథ యొక్క చివరి చూపు ఎవరిది? ఉపాధ్యాయునిది. పదునేడును పిలుచుట మానినది ఎవరు? బడి. కథ వేలు చూపినది మావైపు. మేము అడుగున వ్రాసిన వాక్యము ఆ వేలిని పట్టుకొని తలిదండ్రులవైపు త్రిప్పినది. నీతి చెప్పుచున్నామనుకొంటిమి గాని, నిజమునకు మేము తప్పించుకొంటిమి.

మా సహోపాధ్యాయులలో పెద్దవారొకరు ఈ మాట యొప్పుకొనలేదు. వారి వాదము రెండు విధములు. మొదటిది, మన సంప్రదాయమున కథకు నీతి ప్రాణమట. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది మొదలు తరతరముల తెలుగు పిల్లలు కథను నీతికొఱకే చదివిరట. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని పంచతంత్రమున విష్ణుశర్మ చదువురాని రాచకొడుకులకు లోకజ్ఞానము నేర్పుటకు పూనుకొన్నాడు. అచ్చట నీతియే పాఠము, కథ దానికి వాహనము. ఈసోపు కథల యడుగున నుండు నీతులు చాలవఱకు తరువాతివారు చేర్చినవని పండితులు చెప్పుదురు. నీతికై వ్రాసిన కథకు నీతి యుండనిండు. మేము వలదనుట లేదు. హాజరుపట్టీ కథ అట్టిది కాదు.

వారి రెండవ వాదము మమ్ము కొంతసేపు నిలిపినది. ప్రభువు విత్తువాని ఉపమానము చెప్పి, దాని భావమును తానే విప్పి చెప్పలేదా యని వారడిగిరి. చెప్పెను. మేము మార్కు సువార్త 4వ అధ్యాయమును మరల తీసి చూచితిమి. సముద్రతీరమున గుమికూడిన జనులందఱును వినినది కథ మాత్రమే. ఏకాంతముగా నున్నపుడు శిష్యులు వచ్చి యడిగిరి. భావము వారికి దొరకినది. అడిగినవారికి చెప్పుట వేఱు, అడుగకుండనే అందఱి నోట కుక్కుట వేఱు. తప్పిపోయిన కుమారుని కథయందైతే అంతమాత్రమును లేదు. తండ్రి బయటికి వచ్చి పెద్ద కొడుకును బతిమాలును. లోపల పాటలును ఆటలును సాగుచున్నవి. పెద్దవాడు లోనికి పోయెనా, లేదా? లూకా చెప్పలేదు. ఇన్ని నూఱుల యేండ్లుగా ఆ కొడుకు గుమ్మము బయటనే నిలిచియున్నాడు. ఆదివారపు బడిలో ప్రతి పిల్లవాడును వానిని లోనికి పంపుటయో మానుటయో తానే చేయుచున్నాడు.

నీతివాక్యము లేని కథ నీతి లేని కథ యగునని కొందఱు తలిదండ్రులు భయపడుదురు. వారికొఱకు మఱియొక కథ చెప్పుదుము. 1947 నాటి దేశవిభజన కాలపు దారుణములపై ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో 1948లో 'సియా హాషియే' అను చిన్న పుస్తకము ప్రకటించెను. అందు కొన్ని కథలు రెండు మూడు పంక్తులే. అన్నియు పిల్లలకు తగినవి కావు. ఈ యొక్కటి తగును. దోచిన సొమ్ముకొఱకు పోలీసులు సోదాలు చేయుచుండగా, భయపడినవారు రాత్రివేళ దానిని బయట పాఱవేయుచుందురు. ఒకని యొద్ద దోచిన పంచదార బస్తాలు రెండు కలవు. ఒకదానిని చీకటిలో బావిలో వేసెను. రెండవదానిని వేయబోయి తానును పడెను. జనులు చేరి త్రాళ్లు వేసి పైకి తీసిరి గాని వాడు బ్రతుకలేదు. తెల్లవాఱి నీళ్లు తోడినవారికి నీరు తియ్యగా నుండెను. ఆ రాత్రి వాని సమాధివద్ద దీపములు వెలుగుచుండెను.

దొంగను మహాత్ముని చేసిరని రచయిత యనలేదు. మూఢభక్తి యనలేదు, దోపిడి పాపమనలేదు. విద్యార్థి యీ కథ చదివి మొదట నవ్వును. పిదప ఆ దీపములు పెట్టినవారిలో తన యింటివారును ఉందురేమో యని యాలోచించును. ఏ నీతివాక్యము ఈ పని చేయగలదు? వాక్యమును బట్టీపట్టి పరీక్షలో వ్రాయవచ్చును, మార్కులును వచ్చును.

అన్ని చిన్న కథలును ఇట్టి ఫలమిచ్చునని మేము చెప్పము. చాల కథలు, నీతివాక్యము తీసివేసిన మీదట, ఏమియు మిగులనివై యున్నవి. ఈ సంవత్సరము మేము పరీక్షగా అట్లు తీసి చూచితిమి. కొన్నిటియందు అడుగున వాక్యమే కథ. పైనున్నది దానికి ముందుమాట. ఆ కథల నిచ్చిన విద్యార్థులను పిలిచి, మీరు కన్నులతో చూచినదేదైన నొకటి చెప్పుడని యడిగితిమి. ఒకడు తన తాత కంటి ఆపరేషను పిదప మొదట తన చేతుల వంక చూచుకొనెనని చెప్పెను. ఇది వ్రాయుమంటిమి. "దీంట్లో నీతి ఏముందండి?" అని వాడు నిజముగా దిగులుపడెను. వాని దిగులునకు కారకులము మేమే. వాడు వ్రాసి తెచ్చినది తొమ్మిది పంక్తులు. అందు ఒక పంక్తి మాత్రము కొట్టివేయుమని చెప్పితిమి; మొదటిది. "మా తాతగారు చాల మంచివారు" అని అందున్నది. చేతుల సంగతి చదివినవారికి అది వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఇక పదునేడవ అంకె సంగతి. ఆ బాలిక మా గదికి వచ్చిన దినముననే మేము అడిగితిమి. ఆమె పేరు చెప్పినది. ఇంటి గుర్తు చెప్పినది. మఱునాటి సాయంకాలము ప్రధానోపాధ్యాయులవారితో కలిసి మేము పోయితిమి. అచ్చట జరిగిన మాటలును, పిదప జరిగినదియు ఆ కుటుంబమువారివి. ఈ సంచికవి కావు. తండ్రి వాకిట నిలిచి మమ్ము చూచి మొట్టమొదట అన్న మాట యొక్కటి, మమ్ము గూర్చినదగుటచే, వ్రాయుచున్నాము: "ఇన్నాళ్లకొచ్చారా అయ్యా?"

ఆ కథను ఈ సంచికలో మఱియొక పుటయందు మరల అచ్చువేయుచున్నాము. మేము చేర్చిన వాక్యమును తీసివేసితిమి. అందుచే పుట యడుగున కొంత చోటు మిగిలినది. ముద్రణాలయమువారు అచ్చట పూలతీగ బొమ్మ యొకటి వేయుదుమా యని యడిగిరి. వలదంటిమి.